గాజుపలకలపై అగ్నిభూమి

యాత్ర చేసి వచ్చినవారు తాము చూచిన వింతలను బంధుమిత్రులకు చెప్పుకొనుట లోకమునందు సహజము. నేటి కాలమున మాటలతో అంతగా పని లేదు. చేతిలోని సెల్‌ఫోనుతో చిత్రమును తీసి, ఆ నిమిషముననే సముద్రముల కావలనున్న వారికి సైతము పంపుచున్నారు. చూచినవారు బాగున్నదని మెచ్చుకొని, మరల తమ పనులలో మునిగిపోవుదురు. అయితే ఒకానొక యాత్రలో తీసిన చిత్రములు ఒక మహాదేశపు శాసనసభ్యుల మనస్సులను కదలించి, ఇరువది లక్షల ఎకరములకు పైబడిన భూమిని ఏ ఒక్కరి సొంతమును కాకుండ, సర్వజనుల సొత్తుగా నిలుపుటకు తోడ్పడినవి. ఆ యాత్ర 1871వ సంవత్సరమున జరిగినది. ఆ భూమి అమెరికా సంయుక్త రాష్ట్రములలోని యెల్లోస్టోన్ ప్రాంతము. ఆ చిత్రములను తీసినవాని పేరు విలియం హెన్రీ జాక్సన్.

యెల్లోస్టోన్ ప్రాంతము రాకీ పర్వతముల నడుమ ఎత్తైన పీఠభూమిపై ఉన్నది. అందు అధికభాగము వయోమింగ్ రాష్ట్రములోను, కొద్ది భాగములు మోంటానా, ఐడహో రాష్ట్రములలోను చేరియున్నవి. శీతకాలమున అచ్చట మంచు దట్టముగా కురియును. అయినను ఆ మంచు నడుమనే నేల పొగలు గ్రక్కుచుండును. బురదగుంటలు కుతకుత ఉడుకుచుండును. వేడినీరు తాటిచెట్టు కంటె ఎత్తుగా ఆకాశమునకు చిమ్ముచుండును. దీనికంతటికిని కారణము ఆ భూమి క్రింద దాగియున్న అగ్నిపర్వతము.

అగ్నిపర్వతమనగానే శిఖరము నుండి పొగలు వెడలు కొండ యొకటి మనస్సునకు తోచును. యెల్లోస్టోన్‌లో అట్టి కొండ కానరాదు. అచ్చటి అగ్నిపర్వతము ఎంత పెద్దదనగా, దాని నడుమ నిలిచినవానికి తాను దానిలో ఉన్నట్లే తెలియదు. భూగర్భమున రాళ్ళు కరగి ఏర్పడిన ద్రవమునకు శిలాద్రవమని పేరు. అది భూమిపైకి ఉబికి వచ్చినపుడు లావా అనబడును. యెల్లోస్టోన్ క్రింద పేరుకొనిన శిలాద్రవము సుమారు 21 లక్షల సంవత్సరముల క్రిందట ఒకసారి, 13 లక్షల సంవత్సరముల క్రిందట ఒకసారి, 6 లక్షల 40 వేల సంవత్సరముల క్రిందట మరియొకసారి మహావిస్ఫోటముతో బయటపడెను. చివరి విస్ఫోటమున లోపలి శిలాద్రవము వెలికి పోగా, పైనున్న నేల ఆధారము లేక క్రుంగిపోయెను. అట్లేర్పడిన పల్లము సుమారు 70 కిలోమీటర్ల పొడవు, 45 కిలోమీటర్ల వెడల్పు గలది. ఆ తరువాత లావా పలుమార్లు మెల్లగా ప్రవహించి ఆ పల్లమును చాలవరకు పూడ్చివేసెను. కడపటి ప్రవాహము సుమారు 70,000 సంవత్సరముల క్రిందటిది.

కొండ లేకుండ లావా వెలువడుట తెలుగువారి నేలకును తెలిసినదే. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట దక్కను పీఠభూమిపై నేల పగుళ్ళ నుండి లావా పొరలు పొరలుగా ప్రవహించెను. ఆదిలాబాదు, వికారాబాదు ప్రాంతములలోని నల్లశిలలు ఆ లావా చల్లారి ఏర్పడినవే. అట్టి శిలలు శిథిలమై ఏర్పడిన నల్లరేగడిలో నేడు ప్రత్తి పండుచున్నది. దక్కనులో ఆ అగ్ని ఏనాడో చల్లారినది. యెల్లోస్టోన్‌లో ఇంకను చల్లారలేదు.

ఆ వేడిమియే అచ్చటి వింతలకు మూలము. వాననీరును, కరగిన మంచునీరును నేల పగుళ్ళ గుండ లోతునకు దిగి, వేడెక్కిన శిలలను తాకును. మూత బిగించిన ప్రెషర్ కుక్కరులోని నీరు మామూలు పాత్రలోని నీటి కంటె ఎక్కువ వేడెక్కును గదా! అట్లే పైనున్న నీటి బరువు వలన లోతులోని నీరు ఆవిరి కాలేక, మామూలు మరుగు వేడిమిని మించి కాగుచుండును. పైకి వచ్చు త్రోవ ఇరుకైనచో ఆ నీరు అచ్చటనే చిక్కుకొనును. తుదకు కొంత నీరు పైకి పొంగి పొర్లగానే క్రింది నీటిపై ఒత్తిడి తగ్గును. తగ్గిన క్షణముననే ఆ నీరు ఒక్కపెట్టున ఆవిరిగా మారి, తనపైనున్న నీటినంతటిని ఆకాశమునకు చిమ్మివేయును. దీనినే గీజరు అందురు. యెల్లోస్టోన్‌లో ఇట్టి గీజరులు 500లకు పైగా కలవు. లోకమునందలి గీజరులలో సుమారు సగము అచ్చటనే ఉన్నవి. వానిలో ‘ఓల్డ్ ఫెయిత్‌ఫుల్’ అనునది మిక్కిలి ప్రసిద్ధము. చిరకాలముగా మాట తప్పనిదని ఆ పేరునకు భావము. నేడది సగటున గంటన్నర కొకసారి, 32 మొదలు 56 మీటర్ల ఎత్తు వరకు, నీటిని చిమ్ముచున్నది.

త్రోవ ఇరుకు కానిచోట నీరు చిమ్మక గుండముగా నిలుచును. గ్రాండ్ ప్రిస్మాటిక్ అను ఉష్ణగుండము 100 మీటర్లకు పైగా వెడల్పు గలది. దాని నడుమ నీరు స్వచ్ఛమైన నీలవర్ణముతో మెరయును. అంచులకు పోయినకొలది ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు వన్నెలు వలయములుగా కానవచ్చును. నడుమ నీరు మితిమీరిన వేడి కలదగుటచే ఆ రంగుల సూక్ష్మజీవులు అందు పెరుగజాలవు. అంచులలో నీరు చల్లబడినకొలది, వేరువేరు వేడిమిని ఓర్వగల వేరువేరు సూక్ష్మజీవులు తమ తమ వన్నెలతో పెరుగును. ఉత్తరదిశను మామత్ అను చోట వేడినీరు భూమిలోని సున్నపురాయిని కరగించి పైకి తెచ్చి, తెల్లని మెట్లుగా పేర్చుచుండును. యెల్లోస్టోన్ నది 94 మీటర్ల ఎత్తు నుండి దూకి, పసుపువన్నె గోడలు గల లోతైన లోయలో పడుచుండును.

ఇన్ని వింతలున్నను, బయటి లోకము చాలకాలము వానిని నమ్మలేదు. 1807-08 శీతకాలమున జాన్ కోల్టర్ అను వేటగాడు ఒంటరిగా ఆ ప్రాంతములలో తిరిగివచ్చి, పొగలు చిమ్ము నేలను గూర్చి చెప్పెను. విన్నవారు పరిహసించిరి. అతడు చెప్పిన చోటును ‘కోల్టర్ నరకము’ అని పిలువసాగిరి. తరువాత జిమ్ బ్రిడ్జర్ అను మార్గదర్శి చెప్పిన మాటలకును అదే గతి పట్టెను. అతడు నిజమునకు కొంత కల్పనను జోడించి చెప్పు అలవాటు గలవాడు. కాబట్టి అతడు ఉన్నదున్నట్లు చెప్పినపుడు సైతము వినువారు కట్టుకథయని త్రోసిపుచ్చిరి.

1870లో మోంటానా నుండి బయలుదేరిన బృందమొకటి ఆ ప్రాంతమును చూచి, ఓల్డ్ ఫెయిత్‌ఫుల్‌కు ఆ పేరు పెట్టెను. ఆ బృందములోని నథానియల్ లాంగ్‌ఫర్డ్ అనునతడు తాము చూచినదానిని గూర్చి పలుచోట్ల ఉపన్యసించెను. 1871లో స్క్రిబ్నర్స్ అను మాసపత్రికలో వ్యాసములు వ్రాసెను. ఆ వ్యాసములకు బొమ్మలు వేసిన థామస్ మోరాన్ అప్పటికి యెల్లోస్టోన్‌ను చూచియుండలేదు. ఇతరులు చెప్పిన మాటలను, వారు గీసి తెచ్చిన ముతక గీతలను ఆధారముగా గొని అతడు ఆ బొమ్మలను వేసెను. చదివినవారిలో నమ్మినవారును కలరు, లాంగ్‌ఫర్డ్‌ను అబద్ధీకుడని నవ్వినవారును కలరు. అరువది సంవత్సరములకు పైగా నోటిమాటగా వచ్చిన ఈ కథకు సాక్ష్యము కావలసియుండెను.

వాషింగ్టన్ నగరమున లాంగ్‌ఫర్డ్ ఉపన్యాసమును విన్నవారిలో ఫెర్డినాండ్ హేడెన్ ఒకడు. ఆయన భూగర్భ శాస్త్రజ్ఞుడు. పశ్చిమ ప్రాంతములను పరిశీలించుటకై ప్రభుత్వము ఏర్పరచిన సంస్థకు అధిపతి. యెల్లోస్టోన్‌ను శాస్త్రీయముగా పరిశీలించుటకై అమెరికా శాసనసభయగు కాంగ్రెసు ఆయనకు 40,000 డాలర్లు మంజూరు చేసెను. 1871 జూన్ మాసమున ఆ బృందము యూటా ప్రాంతపు ఆగ్డెన్ పట్టణము నుండి ఉత్తరముగా బయలుదేరెను. శాస్త్రజ్ఞులు, పటములు వ్రాయువారు అందుండిరి. వారితో పాటు ఛాయాచిత్రకారుడుగా జాక్సన్ వెళ్ళెను. అప్పుడతనికి 28 ఏండ్ల ప్రాయము. ఒమాహా పట్టణమున అతనికి ఛాయాచిత్రశాల కలదు. అంతకుముందు సంవత్సరము కూడ అతడు హేడెన్ బృందముతో తిరిగినవాడు. చూడని చోటికి బొమ్మలు వేసిన మోరాన్ సైతము, ఈసారి ఆ భూమిని స్వయముగా చూడవలెనని పట్టుబట్టి, ప్రయాణపు ఖర్చులకు అప్పు తెచ్చుకొని వారిని కలిసికొనెను.

నేడు చిత్రము తీయుటకు వ్రేలితో ఒక్కసారి తాకిన చాలును. జాక్సన్ వాడిన పద్ధతి అట్టిది కాదు. అప్పటికి ఫిల్ము లేదు. చిత్రము గాజుపలకపై ఏర్పడవలెను. మొదట గాజుపలకను మచ్చ లేకుండ తుడిచి, కొలోడియన్ అను జిగురు ద్రవమును దానిపై సమముగా పరచవలెను. పిదప చీకటి గుడారములో దూరి, ఆ పలకను సిల్వర్ నైట్రేటు ద్రావణములో ముంచవలెను. అప్పుడది వెలుగును గ్రహించు శక్తిని పొందును. ఆ తడి ఆరకముందే పలకను వెలుగు సోకని చట్రములో నుంచి కెమెరా కడకు తీసికొనిపోయి, చిత్రమును తీసి, మరల గుడారములోనికి వచ్చి, రసాయనములతో చిత్రమును వెలికి తెచ్చి నిలుపవలెను. ఇదంతయు కొలది నిమిషములలో ముగియవలెను. తడి ఆరినచో పలక వ్యర్థమగును. చిన్న పలకపై తీసి తరువాత పెద్దదిగా చేయుట అప్పటికి సుళువు కాదు. కావున ఎంత చిత్రము కావలెనో అంత గాజుపలకను మోయవలసియుండెను. జాక్సన్ వాడిన పెద్ద పలకలు 10 అంగుళముల పొడవు, 8 అంగుళముల వెడల్పు గలవి.

కెమెరాలు, గాజుపలకలు, రసాయనముల సీసాలు, చీకటి గుడారము అన్నియు కంచరగాడిదల వీపులపై కొండలెక్కవలసి వచ్చెను. ఆ యాత్రల కాలమున జాక్సన్ తన సామానులు మోసిన కంచరగాడిద నొకదానిని ‘హైపో’ అని పిలిచెడివాడు. గాజుపలకపై చిత్రమును నిలుపుటకు వాడు రసాయనపు పేరు హైపో. ఆ రసాయనము లేక చిత్రము లేనట్లే, ఆ గాడిద లేక ప్రయాణము లేదని అతని భావము. గాడిద కాలు జారినచో ఎన్నో దినముల శ్రమ ముక్కలగును. దుమ్ము రేగినచో తడిపలకపై మచ్చలు పడును. పలకలను కడుగుటకు మంచినీటిని దూరము నుండి మోయవలసి వచ్చును. అయితే మామత్ ఉష్ణగుండముల కడ ఆ భూమియే అతనికి తోడ్పడెను. అచ్చటి వేడినీటితో కడిగిన పలకలు సగము కాలములోనే ఆరిపోవుచుండెను. అట్లు అగ్నిపర్వతపు వేడిమియే ఆ అగ్నిభూమి చిత్రములను ఆరబెట్టినది.

జాక్సన్, మోరాన్ ఇరువురును కలసి తిరిగిరి. ఏ చోట నిలిచిన చిత్రము బాగుగా కుదురునో ఎన్నుకొనుటలో మోరాన్ తోడ్పడెను. జాక్సన్ గాజుపలకలపై పని చేయుచుండ, మోరాన్ నీటిరంగులతో చిత్రములు వ్రాసికొనెను. ఛాయాచిత్రమునందు గుండముల ఆకారము, మెట్ల అమరిక, లోయ లోతు ఉన్నవున్నట్లు పడినవి. కాని రంగులు పడలేదు. మోరాన్ చిత్రములందు రంగులు కలవు. కాని చిత్రకారుడు రంగును కల్పించెనేమోయను అనుమానమునకు తావు కలదు. ఒకదాని కొరతను మరియొకటి తీర్చెను. మామత్ మెట్లు ఎంత పెద్దవో చూచువారికి తెలియుటకై జాక్సన్ మోరాన్‌ను వానిపై నిలిపి చిత్రము తీసెను. ఆ చిత్రమున మోరాన్ చిన్న బొమ్మ వలె కానవచ్చును. నేటి యాత్రికులు తాము కానవచ్చుటకై చిత్రములో నిలుచుందురు. మోరాన్ ఆ భూమి ఎంతటిదో కానవచ్చుటకై నిలిచెను.

ఆ వేసవిలోనే సైన్యమునకు చెందిన ఇంజనీర్ల బృందమొకటి యెల్లోస్టోన్‌కు వచ్చెను. హైన్ అను షికాగో ఛాయాచిత్రకారుడు వారితో కూడ వచ్చి, అతడును చిత్రములు తీసి, గాజుపలకలతో తన నగరమునకు చేరెను. 1871 అక్టోబరు మాసమున షికాగో నగరమునకు గొప్ప అగ్నిప్రమాదము సంభవించెను. అందు హైన్ తీసిన పలకలు నాశనమయ్యెను. కొలది ప్రతులు మాత్రమే మిగిలెను. అగ్నిభూమి నుండి చెక్కుచెదరక వచ్చిన పలకలు నగరములో అగ్నికి ఆహుతియైనవి. జాక్సన్ పలకలు భద్రముగా వాషింగ్టన్ చేరెను.

అవి చేరుట శాస్త్రజ్ఞులకే గాక ఆ భూమికిని ముఖ్యమయ్యెను. ఏలయనగా, అది ఎవరిది కావలెనో అప్పుడే తేలవలసియుండెను. ఆ కాలమున పశ్చిమ ప్రాంతములలోని ప్రభుత్వ భూములను ముందుగా వచ్చి ఆక్రమించినవారు తమవిగా చేసికొనుటకు వీలుండెను. 1871లోనే మామత్ కడ ఇరువురు మనుష్యులు కొంత నేలను ఆక్రమించుకొనిరి. రోగములు కుదురునను ఆశతో వేడినీటి స్నానమునకు వచ్చువారి వలన సొమ్ము గడింపవచ్చునని వారి తలంపు. నయాగరా జలపాతము కడ అట్టి స్థితి అంతకుముందే ఏర్పడియుండెను. జలపాతము బాగుగా కానవచ్చు చోట్లను సొంతదారులు చేజిక్కించుకొని, చూడవచ్చినవారి నుండి సొమ్ము వసూలు చేయుచుండిరి. యెల్లోస్టోన్‌లోని గుండములకును, గీజరులకును కంచెలు వేసి అదే వ్యాపారము సాగించువారు రాకముందే చట్టము చేయవలెనని హేడెన్, లాంగ్‌ఫర్డ్ మొదలగువారు పూనుకొనిరి.

1871 డిసెంబరు 18వ తేదీన, ఆ భూమిని సర్వజనుల ఉద్యానముగా ప్రత్యేకించు బిల్లును కాంగ్రెసులోని రెండు సభలయందును ప్రవేశపెట్టిరి. ఓటు వేయవలసినవారు వేల మైళ్ళ దూరమున నున్న ఆ భూమిని చూచి రాగలవారు కారు. అందుచేత హేడెన్ ఆ భూమినే వారి కన్నుల ముందునకు తెచ్చెను. జాక్సన్ ఛాయాచిత్రములను, మోరాన్ నీటిరంగుల చిత్రములను, యాత్రలో సేకరించిన శిలల నమూనాలను సభ్యులు చూచుటకు వీలుగా ప్రదర్శించెను. వేటగాని మాటను నమ్మనివారు, ఉపన్యాసకుని మాటను శంకించినవారు, గాజుపలక చెప్పిన సాక్ష్యమును కాదనలేకపోయిరి. తెల్లని మెట్లు కలవు, ఆవిరులు చిమ్ము గుండములు కలవు, మహాజలపాతము కలదు. 1872 జనవరి 30న సెనేటు ఆ బిల్లును ఆమోదించెను. ఫిబ్రవరి 27న ప్రతినిధుల సభలో 115 మంది అనుకూలముగాను, 65 మంది ప్రతికూలముగాను ఓటు వేసిరి. 1872 మార్చి 1వ తేదీన అధ్యక్షుడు యులిసీస్ గ్రాంట్ సంతకము చేయగా యెల్లోస్టోన్ జాతీయోద్యానము ఏర్పడెను. జాతీయోద్యానములలో లోకమున మొదటిదిగా అది ప్రసిద్ధి కెక్కినది. ఆ సంవత్సరముననే మోరాన్ వ్రాసిన యెల్లోస్టోన్ లోయ తైలవర్ణ చిత్రమును కాంగ్రెసు 10,000 డాలర్లకు కొనెను.

ఈ కార్యమంతయు చిత్రముల వలననే జరిగినదనుట సరికాదు. ఆ భూమి ఎత్తైనది, చలి మెండైనది. అచ్చట వ్యవసాయము సాగదు కాబట్టి వదలుకొనిన నష్టము లేదని కొందరు సభ్యులు తలచిరి. ఆ దిక్కుగా రైలుమార్గమును వేయుచున్న సంస్థవారు యాత్రికులు పెరుగుదురని ఆశించి బిల్లును బలపరచిరి. అయినను, లేదనుకొన్న వస్తువును కాపాడుటకు ఎవరును చట్టము చేయరు. ఆ భూమి నిజముగా ఉన్నదని నమ్మించినవి చిత్రములు.

చిత్రము చూపిన దానివలె, చూపనిదియు తెలిసికొనదగినది. వాషింగ్టన్ నగరమున ఆ చిత్రములను చూచినవారికి యెల్లోస్టోన్ మనుష్యులు లేని భూమిగా తోచెను. అది నిజము కాదు. 11,000 సంవత్సరములకు పూర్వము నుండియు అచ్చట ఆదిమజాతుల వారు సంచరించుచుండిరి. త్వరగా చల్లారిన లావా నల్లని గాజురాయిగా మారును. యెల్లోస్టోన్‌లోని ఒక కొండచరియ నుండి ఆ రాయిని త్రవ్వి, వారు బాణపుమొనలు, కత్తులు చేసికొనిరి. ఆ రాయి చేతులు మారుచు నేటి ఒహాయో రాష్ట్రము వరకు చేరినట్లు పురాతత్వ పరిశోధనలు తెలుపుచున్నవి. కొండగొఱ్ఱెలను వేటాడి జీవించిన షోషోనీ జాతివారు ఆ పర్వతములలోనే కాపురముండిరి. 1872 నాటి చట్టము వారి హక్కులను తలపెట్టలేదు. 1870 దశాబ్ది ముగియునాటికి వారిని ఉద్యానము నుండి తొలగించి వేరుచోట్లకు పంపివేసిరి. సర్వజనుల సొత్తని చెప్పిన భూమి, దానిని అందరి కంటె ముందుగా ఎరిగినవారికి దూరమయ్యెను. నేడు 27 ఆదిమజాతులకు ఆ భూమితో గల సంబంధమును ఉద్యానపు అధికారులు గుర్తించుచున్నారు.

చట్టము చేసినంత మాత్రమున భూమి రక్షింపబడలేదు. మొదటి సంవత్సరములలో ఉద్యానమునకు ధనమును లేదు, కావలివారును లేరు. మొదటి అధికారిగా నియమింపబడిన లాంగ్‌ఫర్డ్‌కు జీతమే లేదు. యాత్రికులు మామత్ మెట్ల నుండియు, గీజరుల అంచుల నుండియు రాళ్ళను పగులగొట్టి గుర్తుగా తీసికొనిపోయిరి. వేటగాండ్రు బైసన్ అను అడవిపశువులను చంపిరి. 1886లో సైన్యము వచ్చి కావలి కాయవలసి వచ్చెను. 1902 నాటికి అచ్చటి అడవి బైసన్‌లు రెండు డజన్లు మాత్రమే మిగిలియుండెను. 1916లో జాతీయోద్యానముల శాఖ ఏర్పడెను. రక్షణ వలన బైసన్‌లు మరల వేల సంఖ్యకు పెరిగినవి. 1978లో యునెస్కో ఆ ఉద్యానమును ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చెను.

కాపాడినవారు ఊహింపని మేలు కూడ ఆ భూమి వలన కలిగినది. 1966లో థామస్ బ్రాక్ అను శాస్త్రజ్ఞుడు అచ్చటి ఉష్ణగుండములో, చేయి పెట్టరాని వేడినీటియందు జీవించు బాక్టీరియాను కనుగొనెను. దాని నుండి లభించిన ఎంజైము ఎక్కువ వేడికి సైతము చెడనిది. పి.సి.ఆర్. అను పరీక్షా పద్ధతికి అది ఆధారమయ్యెను. 2020లో కోవిడ్ వ్యాధిని గుర్తించుటకు ఊరూర చేసిన పరీక్ష ఈ పద్ధతికి చెందినదే. వంద సంవత్సరముల క్రిందట ఎవరో ఆ గుండములకు గోడలు కట్టి, నీటిని కాలువలుగా మళ్ళించి స్నానశాలలు నడిపియుండినచో ఆ సూక్ష్మజీవి లోకమునకు దొరకియుండునో లేదో!

1872లో యెల్లోస్టోన్‌ను చూడవచ్చినవారు సుమారు 300 మంది. 2021లో వచ్చినవారు 48 లక్షలకు పైగా కలరు. దాదాపు అందరి చేతులలోను కెమెరాయో, సెల్‌ఫోనో ఉన్నది. చిత్రము తీయుట సులభమైనకొలది చూచుట తగ్గుచున్నదేమో యనిపించును. ఉష్ణగుండముల చుట్టును నేల గట్టిగా కానవచ్చినను, పలుచోట్ల అది అప్పడమంత పలుచన. దాని క్రింద మరుగునీరు ఉండును. అందుచేతనే చెక్కపలకలతో బాటలు వేసి, బాట దిగరాదని హెచ్చరికలు వ్రాసిరి. అయినను మంచి చిత్రము కొఱకు బాట దిగువారు నేటికిని కలరు. ఆ ఉద్యానపు చరిత్రలో ఉష్ణగుండములలో పడి ఇరువది మందికి పైగా మరణించిరి. 2014లో చిత్రముల కొఱకు ఒక యాత్రికుడు ఎగురవేసిన డ్రోను గ్రాండ్ ప్రిస్మాటిక్ గుండములో కూలిపడెను.

మార్నింగ్ గ్లోరీ అను గుండపు కథ ఇంకను విచారకరమైనది. అది ఒకనాడు నడుమ నుండి అంచు వరకు నీలి పువ్వు వలె ఉండెడిది. యాత్రికులు అందు నాణెములు, రాళ్ళు, చెత్త విసరసాగిరి. అవి అడుగున నీరు వచ్చు త్రోవను కొంత మూసివేసెను. వేడినీటి రాక తగ్గుటచే గుండము చల్లబడెను. చల్లబడిన అంచులలో పసుపు, నారింజ వన్నెల సూక్ష్మజీవులు పెరిగి నడుమకు ప్రాకినవి. 1950లో అధికారులు నీటిని పైకి చిమ్మునట్లు చేసి ఆ గుండమును శుభ్రపరచగా, నాణెములు, చేతిరుమాళ్ళు మొదలగునవి ఎన్నో బయటపడెను. అయినను పూర్వపు నీలవర్ణము పూర్తిగా తిరిగి రాలేదు. నేడా గుండమును చూచి, దాని రంగులు ఎంత అందముగా ఉన్నవని మెచ్చుకొనుచు చిత్రములు తీసికొనువారు పలువురు. పాత చిత్రమును చూచినవారికి మాత్రమే ఆ అందము వెనుకనున్న నష్టము తెలియును.

జాక్సన్ చిత్రములు నేటికిని ఇట్టి మేలునే చేయుచున్నవి. అతడు 1942లో, 99 ఏండ్ల వయస్సున మరణించెను. అతని చిత్రములు అమెరికా ప్రభుత్వ సంగ్రహములలో భద్రముగా ఉన్నవి. అతడు నిలిచిన చోటనే నిలిచి, మరల చిత్రము తీసి, రెండింటిని పోల్చి చూచువారు కలరు. ఆనాడు నీరు పారిన మెట్లు కొన్ని నేడు ఎండి బూడిదవన్నె దాల్చినవి. ఆనాడు లేనిచోట క్రొత్తగా తెల్లని మెట్లు ఏర్పడినవి. వీనిలో భూమి తనంతట తాను మారినదేదో, మనుష్యుల చేత మారినదేదో విడదీసి తెలిసికొనుటకు ఆ పాత చిత్రములు సాధనములైనవి.

జాక్సన్ తాను చూచినదానిని ఇతరులకు చూపెను. చూచినవారు తమకు మాత్రమే చాలునని తలపక, తరువాత వచ్చువారు కూడ చూడవలెనని తలచిరి. చిత్రమును పంచుకొనుట అచ్చటితో ఆగక, భూమిని పంచుకొనుట వరకు సాగినది. మామత్ మెట్లపై చిన్న బొమ్మ వలె నిలిచిన మోరాన్ నేడు లేడు. మామత్‌లో వేడినీరు ఇంకను ప్రవహించుచున్నది.